టీనేజ్ పిల్లల ఫోన్: ఏం చూడాలి, ఎక్కడ ఆగాలి

పిల్లలు నిద్రపోయాక దొంగచాటుగా ఫోన్ తీసి వాట్సాప్ చదివే అలవాటుంటే ముందు అది మానేయండి. నీతి సంగతి పక్కన పెట్టినా, అది పనిచేయదు. వాళ్లు చూడని మెసేజ్ మీరు తెరిస్తే అవతలివాళ్లకు నీలం టిక్కులు పడతాయి, తెల్లారేసరికి విషయం బయటపడుతుంది. ఆ తర్వాత చాట్ లాక్, మాయమైపోయే మెసేజ్‌లు, మీకు తెలియని రెండో అకౌంట్, అదీ కుదరకపోతే ఫ్రెండ్ ఫోన్. అప్పటిదాకా మీకు తెలిసిన నాలుగు విషయాలు కూడా ఇక తెలియవు.

కనిపించకుండా పనిచేస్తాం అని చెప్పుకునే స్పై యాప్‌లు ఇంకా ఘోరం. వాటిలో చాలావరకు ప్లే స్టోర్ బయట నుంచి వేసుకోమంటాయి, ప్లే ప్రొటెక్ట్ ఆపమంటాయి, అంటే ఫోన్‌కి ఉన్న రక్షణను మీ చేత్తోనే తీయిస్తాయన్నమాట. పైగా మీ పిల్లల మెసేజ్‌లు, ఫోటోలు ఎవరిదో సర్వర్‌లోకి వెళ్తాయి. ఇలాంటి కంపెనీల డేటా లీకైన సందర్భాలు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి.

మరి ఏం చూడాలి? నా లెక్కలో నాలుగే: ఎంతసేపు వాడుతున్నారు, ఏ యాప్‌లు వేసుకున్నారు, డబ్బు ఎక్కడ ఖర్చవుతోంది, ముక్కూమొహం తెలియనివాళ్లు వాళ్లకి మెసేజ్ చేయగలరా. స్నేహితులతో ఏం మాట్లాడుకుంటున్నారన్నది ఇందులో లేదు, ఉండకూడదు కూడా. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఇందుకు సరిపోతాయి. వాడకం సమయం కనిపిస్తుంది, కొత్త యాప్‌కి మీ అనుమతి అడిగేలా పెట్టుకోవచ్చు, రాత్రి ఫలానా టైమ్‌కి ఆగిపోయేలా చేయొచ్చు, మెసేజ్‌లు మాత్రం చూపించవు. ఇన్‌స్టాగ్రామ్ 2024లో టీన్ అకౌంట్లు తెచ్చింది. అవి మొదటి నుంచీ ప్రైవేట్‌గానే ఉంటాయి, 16 ఏళ్లలోపువాళ్లు ఆ సెట్టింగులు సడలించాలంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. అందులో పర్యవేక్షణ ఆన్ చేసుకుంటే గత 7 రోజుల్లో ఎవరితో చాట్ చేశారో తెలుస్తుంది, ఏం రాశారో తెలియదు. సరిగ్గా అంతే చాలు.

ఇవన్నీ పెట్టేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. స్నాప్‌చాట్ మ్యాప్‌లో మనం ఎక్కడున్నామో ఎవరికి కనిపిస్తోంది, గేమ్‌లో వాయిస్ చాట్ ఎవరికి తెరిచి ఉంది, గేమర్లు ఎక్కువగా వాడే చాట్ యాప్ డిస్కార్డ్‌లో తెలియనివాళ్లు నేరుగా మెసేజ్ చేయగలరా... ఒక్కొక్కటీ వాళ్ల చేతే తెరిపించండి. (సగం సెట్టింగులు వాళ్లే మీకు నేర్పిస్తారు, పర్లేదు, నేర్చుకోండి.)

పాస్‌వర్డ్ దగ్గర పెద్ద గొడవే అవుతుంది. దానికి నాకు నచ్చిన పద్ధతి ఇది: పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అంటించి, ఆ అతుకు మీద పిల్లల చేత సంతకం పెట్టించి బీరువాలో పెట్టండి. అవసరం పడితే మీరు తెరవొచ్చు, కానీ తెరిస్తే వాళ్లకి తెలిసిపోతుంది. పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా కొత్త కవరు. ఎప్పుడు తెరుస్తారో కూడా ముందే మాట్లాడుకోండి: చచ్చిపోతానన్న మాట వినిపించినా, తెలియని పెద్దవాళ్లెవరో రహస్యంగా కలుద్దాం అంటున్నారని తెలిసినా, ఎవరైనా బెదిరిస్తున్నారని అనిపించినా. మార్కులు తగ్గాయనో, గది తలుపు వేసుకున్నారనో కవరు చింపకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. చాలామంది పిల్లలు సమస్య దాచేది సిగ్గుతో మాత్రమే కాదు, చెబితే ఫోన్ లాక్కుంటారన్న భయంతో కూడా. అందుకని ముందే సూటిగా చెప్పండి: "ఏదైనా తప్పు జరిగి నువ్వే వచ్చి నాకు చెబితే, ఫోన్ తీసుకోను, అరవను. ముందు సమస్య సంగతి చూద్దాం." చెప్పాక ఆ మాట మీద నిలబడాలి, మొదటిసారే మాట తప్పితే రెండోసారి మీ దగ్గరికి రారు.

ఈ మాట నిజంగా అక్కరకొచ్చేది ప్రైవేట్ ఫోటోలతో బెదిరింపులు వచ్చినప్పుడు. డబ్బు పంపొద్దు, పంపితే ఇంకా అడుగుతారు. కంగారులో చాట్ డిలీట్ చేయొద్దు, ముందు స్క్రీన్‌షాట్లు తీసి ఆ అకౌంట్ పేరు రాసుకుని, తర్వాత రిపోర్ట్ చేసి బ్లాక్ చేసి, పోలీసులకు చెప్పండి. 18 ఏళ్లలోపు తీసిన నగ్న ఫోటోలు, వీడియోలు నెట్‌లో వ్యాపించకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫోటో ఎక్కడికీ అప్‌లోడ్ కాదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది, ఆ సేవలో చేరిన సైట్లు, యాప్‌లు దాన్నిబట్టి ఫోటోని పట్టుకుని తీసేస్తాయి.

రాత్రిళ్లు ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్, మీవి కూడా. "మరి నువ్వో?" అన్న ప్రశ్న రాకుండా ఉంటుంది.

వయసుతో పాటు పట్టు సడలిస్తూ రావాలి. 13కి పెట్టిన రూల్ 17కి కూడా అలాగే ఉంటే అది జాగ్రత్త కాదు, అనుమానం. కొన్ని నెలలకోసారి కూర్చుని ఏది తీసేయొచ్చో వాళ్లనే అడగండి: ముందు యాప్ అనుమతులు, తర్వాత టైమ్ లిమిట్. లొకేషన్ ఉంచాలనుకుంటే ఇద్దరూ ఒకరికొకరు షేర్ చేసుకోండి, ఆలస్యమైతే మీరెక్కడున్నారో వాళ్లూ చూసుకుంటారు.