హౌస్ సర్జన్సీలో ‘విశేషం’ కోసం చూస్తుంటే

ముందు రుబెల్లా, చికెన్‌పాక్స్ టీకాలు పడ్డాయో లేదో చూసుకోండి. వేయించుకుంటే నెల ఆగాలి. లేబర్ రూమ్ పోస్టింగ్‌కి వెళ్లాక గానీ నాకు గుర్తు రాలేదు, ఆ నెల అలా పోయింది.

ఫోలిక్ యాసిడ్ రోజూ 400 మైక్రోగ్రాములు, ఇప్పటినుంచే. నా స్ట్రిప్ ఏప్రాన్ జేబులో పెన్‌టార్చ్ పక్కనే ఉంటుంది. ఇంట్లో పెడితే 24 గంటల డ్యూటీ రోజు మర్చిపోతాను.

ఆర్థోలో సీ-ఆర్మ్ (ఆపరేషన్ గదిలోని ఎక్స్‌రే మెషీన్) ఆన్ చేసేలోపు లెడ్ ఏప్రాన్ అడగండి, మొహమాటం వద్దు. పీరియడ్ ఆలస్యమైతే టెస్ట్ చేసుకునేదాకా ఆ గదిలోకి వెళ్లకండి, కో-ఇంటర్న్‌తో డ్యూటీ మార్చుకోండి.

మా ఆయన పీజీ వేరే ఊళ్లో. అందుకే మా ఆశలన్నీ కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్ 12 వారాల మీదే: నైట్ డ్యూటీలు తక్కువ. అత్తయ్యకి మాత్రం ఈ లెక్కలు చెప్పలేదు.