సీల్ మార్చేది వెనక, దిమ్మెలు పెట్టాల్సింది ముందు

మొన్న ఆదివారం ఉప్పల్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక పాత వ్యాను జాకీ మీంచి జారింది. వెనక కుడి చక్రం ఊడదీసి, బ్రేక్ డ్రమ్ము తీసి, ఆయిల్ సీల్ (ఆయిల్ బయటికి కారకుండా ఆపే రింగు) మార్చడానికి యాక్సిల్ షాఫ్ట్, అంటే చక్రాన్ని తిప్పే కడ్డీ, లాగుతున్నాడు దాన్ని బాగుచేస్తున్న అబ్బాయి. బండి జానెడు ముందుకు కదిలింది, జాకీ ఒరిగింది, బ్రేక్ ప్లేటు నేలకు కొట్టుకుంది. చెయ్యి దాదాపు బయటికి తీసుకున్నాడు కాబట్టి రెండు వేళ్లకు కుట్లతో సరిపోయింది. నేను వెళ్లేసరికి ఒకటే మాట అంటున్నాడు: "ఫస్ట్ గేర్ల పెట్టిన గదన్నా!"

ఆ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకూడదని అందరికీ తెలుసు, మళ్లీ చెప్పను. ఎత్తిన బండిని మోసే స్టాండ్లు కొనుక్కున్నవాళ్లు కూడా పొరబడేది గేరు దగ్గరే.

గేరు పట్టుకోదు

ఈకో, బొలెరో లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్లలో గేరు ఆపేది వెనక చక్రాలనే. రెండూ నేల మీద ఉన్నంతసేపే ఆపుతుంది. ఒకటి పైకి లేచిందంటే మధ్యలో డిఫరెన్షియల్ (రెండు చక్రాల్ని వేర్వేరుగా తిరగనిచ్చే గేర్లు) తన పని తాను చేస్తుంది: కింద ఉన్న చక్రం ముందుకు దొర్లుతుంటే గాలిలో ఉన్నది వెనక్కి తిరుగుతుంది. ఇంజన్ కదలక్కర్లేదు, గేరు న్యూట్రల్‌లోకి రానక్కర్లేదు. షాఫ్ట్ బయటికి లాగేశాక ఇక చెప్పేదేముంది, రెండో చక్రానికీ పట్టు లేనట్టే.

హ్యాండ్‌బ్రేక్ ఉందిగా అంటారు. అదీ వెనక డ్రమ్ముల మీదే పనిచేసేది. డ్రమ్ము ఊడాలంటే దాన్ని వదలాలి. అంటే సరిగ్గా మీరు బలం పెట్టే వేళకు బండిని ఆపడానికి ఏదీ మిగలదు. పైగా మొండి షాఫ్ట్‌ను ఎలా లాగుతామో తెలుసుగా? డ్రమ్మును తిరగేసి నట్లు వదులుగా బిగించి, దాంతో ఎదురు కుదుపులు ఇస్తాం. ఒక్కో కుదుపుకీ బండి కాస్త కదులుతుంది.

కాబట్టి ముందు వైపు చక్రాలు రెండింటికీ, ముందూ వెనకా, అడ్డుగా నాలుగు చెక్క దిమ్మెలు. గ్రానైట్ ముక్కలు వద్దు, పార్కింగ్ టైల్స్ మీద అవి సబ్బుబిళ్లలా జారతాయి. సెల్లార్ నేల చదునుగా కనిపిస్తుంది గానీ కడిగిన నీళ్లు పోవడానికి వాలు ఉంటుంది. ఒక చెంబు నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. ర్యాంపు మీదైతే ఈ పని అసలు పెట్టుకోవద్దు.

సీల్ మార్చినా కారుతుంటే

ముషీరాబాద్‌లో మా కాక షెడ్డుకి మూడోసారి సీల్ మార్పించుకోవడానికి వచ్చేవాళ్లుండేవారు. ఆయన సీల్ ముట్టుకునేవాడు కాదు. ముందు హౌసింగ్ (యాక్సిల్ షాఫ్ట్‌ల చుట్టూ ఉండే ఇనుప గూడు) మీద ఉండే బ్రీదర్, అంటే లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారి, విప్పి ఊదేవాడు. అది మట్టితో మూసుకుంటే వేడికి లోపల గాలి ఉబ్బి, ఆయిల్‌ను సీల్ పెదవి (షాఫ్ట్‌ను ఆనుకునే లోపలి అంచు) దాటించి తోస్తుంది. కొత్త సీల్ అయినా అంతే. తర్వాత సీల్ ఆనేచోట షాఫ్ట్ మీద గోరుతో గీకేవాడు. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టు. హౌసింగ్‌లో చోటుంటే సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టొచ్చు, లేదంటే షాఫ్ట్‌కు స్లీవ్, అంటే సన్నటి లోహపు తొడుగు, తొడగాలి. బేరింగ్ ఆడుతుంటే సీల్ కొనడమే దండగ.

ఇక వానాకాలం. నడిచి నడిచి వేడెక్కిన యాక్సిల్ నిలిచిన నీళ్లలోకి దిగితే ఒక్కసారిగా చల్లబడుతుంది. లోపలి గాలి ముడుచుకుని, అరిగిన సీల్ నుంచీ బ్రీదర్ నుంచీ నీళ్లను పీలుస్తుంది. ఆయిల్ ఇరానీ చాయ్ రంగులోకి వచ్చిందా, మొత్తం పారబోసి కొత్తది పోయాల్సిందే.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

– కారేది గేర్ ఆయిలేనా, బ్రేక్ ఆయిలా? బ్రేక్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే చక్రం దగ్గర బ్రేక్ షూలను తోసే వీల్ సిలిండర్ చూడండి.

– ఆయిల్ నింపే పై ప్లగ్ ఊడుతుందని తేలాకే ఆయిల్ దింపే కింది ప్లగ్ విప్పండి. పైది ఊడక, లోపల చుక్క ఆయిల్ లేక, బండిని తోసుకుంటూ పోయినవాళ్లున్నారు.

– పాత సీల్ మీద లోపలి కొలత, బయటి కొలత, మందం ఉంటాయి. దాన్ని చేత్తో పట్టుకుని రాణిగంజ్‌లో విడిభాగాల దుకాణాలకు వెళ్లండి. ఫోటో చాలదు.

– స్క్రూడ్రైవర్‌తో పీకేటప్పుడు హౌసింగ్ లోపల గీత పడనివ్వద్దు.

– కొత్త సీల్‌లో స్ప్రింగ్ ఉన్న వైపు లోపల ఆయిల్ దిక్కుకి ఉండాలి. పెదవికి గ్రీజు. నేరుగా సుత్తితో కొట్టొద్దు, సరిపడే పైపు ముక్క పెట్టి చుట్టూ సమంగా దించండి.

– స్టాండు యాక్సిల్ గొట్టం కింద. డిఫరెన్షియల్ ఉండే మధ్య గుండు కింద కాదు. సిమెంట్ ఇటుకల మీద అసలే కాదు.

– గేరు పట్టుకోదు. దిమ్మెలు చూశారా?

– ఆయిల్ తాగిన బ్రేక్ షూలు పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేయకండి. మార్చండి, రెండు వైపులా.

– సెల్లార్‌లో పెట్రోల్ మూతే తీయొద్దు. ఆవిరి బరువు, నేలబారున పాకుతుంది, పక్కనే ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తారు.

– డ్రమ్ములో దుమ్ము ఊదొద్దు. తడిగుడ్డ.

– పిల్లల్ని పంపేయండి. బండి తలుపు తీసి ఫోన్ ఛార్జర్ కోసం ఎక్కేవాణ్ణి కూడా.

– ఆయిల్ నింపే రంధ్రం అంచు దాకే, బండి సమంగా ఉన్నప్పుడు. ఎక్కువ పోస్తే అదే మళ్లీ కారుతుంది. ఏ రకమో మాన్యువల్‌లో చూడండి, మా కాక చెప్పాడనో నేను చెప్పాననో కాదు.

– పాత ఆయిల్ నాలాలో పోయకండి.

– బ్రేక్ పెడల్ గట్టిగా అయ్యేదాకా తొక్కి చూడండి, బండి కదలకముందే.

– దిమ్మెలు తీసేది చక్రం బిగించి, బండి కిందికి దించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, అది పట్టుకుందని తోసి చూశాక. అంతకు ఒక్క నిమిషం ముందు కూడా కాదు.