రాతి పద్దు – 4వ పాఠం: వంటగట్టు, కడపరాయి, వాన నీరు

కిందటి వారం ఇచ్చిన పని చేశారా? బెంగళూరులో ఏ వీధిలో నడిచినా ఎక్కడో ఒకచోట కొత్త అపార్ట్‌మెంటుకు పునాది తవ్వుతూనే ఉంటారు. ఆ గోతిలోంచి తీసి పోసిన రాతిముక్క ఒకటి అడిగి తెచ్చుకుని, భూతద్దంతో చూడమన్నాను. నేను తెచ్చుకున్నది ఇప్పుడు బల్ల మీద ఉంది. మధ్యలో గట్టిగా మెరుస్తున్న తెల్లటి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు గింజలు అంచు దగ్గరికి వచ్చేసరికి ముగ్గుపిండిలా అయిపోయాయి. గోటితో గీరితే రాలుతున్నాయి. పక్కనే ఉన్న క్వార్ట్జ్ గింజలకు మాత్రం ఏమీ కాలేదు, గాజుపెంకుల్లా అలాగే ఉన్నాయి. రాయి పగిలి ముక్కలైతే ఖనిజం మారదు. ఇక్కడ ఖనిజమే మారింది. అదే రసాయనిక శైథిల్యం. ఈ వారం అందులో కార్బన్ డయాక్సైడుకు జమాఖర్చు రాయడం నేర్చుకుందాం.

వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలుచని కార్బనిక ఆమ్లం అవుతుంది. కాలుష్యం సోకని వాన నీటికి కూడా పీహెచ్ సుమారు 5.6 ఉంటుంది (7 కంటే తక్కువైతే ఆమ్లం). మట్టిలోకి ఇంకాక వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడు కూడా తోడవుతుంది. అందుకే ఎండకు ఆరే బండ కంటే తడి మట్టి కింద ఉన్న రాయి త్వరగా మెత్తబడుతుంది.

ఇక లెక్కకు రెండు రాళ్లు కావాలి. రెండూ వంటింట్లోనే దొరుకుతాయి. గట్టు మీద పరిచిన నల్ల గ్రానైట్ చాలాసార్లు గ్రానైట్ కాదు, డాలరైట్. కుప్పం చుట్టుపక్కల, చామరాజనగరం వైపు తవ్వి తీస్తారు. శిలాద్రవం లావాగా పైకి పొంగి చల్లారితే బసాల్టు, నేల పగుళ్లలోనే గడ్డకడితే డాలరైట్. దక్కను పీఠభూమి మీదా రాజమండ్రి దగ్గరా పరచుకున్న బసాల్టులోని ముఖ్య ఖనిజాలే ఇందులోనూ ఉంటాయి: కాల్షియం ఉన్న ప్లేజియోక్లేజ్ (ఫెల్డ్‌స్పార్‌లో ఒక రకం), పైరాక్సీన్, కొన్నిచోట్ల ఆలివిన్. వీటిలో ఏది ముందు శిథిలమవుతుందో 1938లో భూశాస్త్రవేత్త గోల్డిచ్ వరుస కట్టి చూపాడు. ఎక్కువ వేడిలో పుట్టినది ముందు పోతుంది. ఆలివిన్ మొదట, క్వార్ట్జ్ చివర. రెండో రాయి గట్టు కింద అరలకు వేసే కడపరాయి. అది సున్నపురాయి జాతి, అంటే ముఖ్యంగా కాల్షియం కార్బనేట్.

మొదటి పద్దు, డాలరైట్‌ది. ప్లేజియోక్లేజ్‌లో పూర్తిగా కాల్షియం రకమైన అనార్థైట్‌ను తీసుకుందాం:

1 అనార్థైట్ + 2 కార్బన్ డయాక్సైడ్ + 3 నీరు → 1 కేయోలినైట్ మట్టి + 1 కాల్షియం అయాను + 2 బైకార్బనేట్ అయాన్లు

అణుభారాలను గ్రాముల్లో పెడితే, 278 గ్రాముల అనార్థైట్ 88 గ్రాముల కార్బన్ డయాక్సైడును తీసుకుంది. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆ నీరు నదిలో కలిసి సముద్రం చేరుతుంది. అక్కడి జీవులు దానితో గుల్లలు కట్టుకుంటాయి:

1 కాల్షియం అయాను + 2 బైకార్బనేట్ అయాన్లు → 1 కాల్షియం కార్బనేట్ + 1 కార్బన్ డయాక్సైడ్ + 1 నీరు

88లో 44 గ్రాములు తిరిగి విడుదలయ్యాయి. మిగిలిన 44 గ్రాములు రాయిగా నిలిచిపోయాయి.

రెండో పద్దు, కడపరాయిది. 100 గ్రాముల కాల్షియం కార్బనేట్ కరగడానికి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. ఇక్కడా రెండు బైకార్బనేట్లే వస్తాయి, కానీ ఒకదానిలోని కార్బన్ మాత్రమే గాలిది, రెండోది రాతిదే. సముద్రంలో గుల్ల కట్టగానే ఆ 44 గ్రాములూ వెనక్కి వచ్చేస్తాయి. నిల్వ సున్నా. నదిలో చూస్తే రెండు రాళ్ల నుంచీ వచ్చింది అదే బైకార్బనేట్. తేడా చివరి వరుస దాకా రాస్తేనే బయటపడుతుంది.

బసాల్టు పొడిని పొలాల్లో చల్లి గాలిలోని కార్బన్ డయాక్సైడును తగ్గించవచ్చనే మాట ఇప్పుడు తరచు వినిపిస్తోంది. ఆలోచన మంచిదే, నాకు దాని మీద ఆశ ఉంది. అయితే ఎవరైనా అంకె చెప్పినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఇది 88 లెక్కా, 44 లెక్కా? బైకార్బనేట్ సముద్రంలో వేల ఏళ్లు కరిగే ఉండగలదు కనుక మన మనవల కాలానికి 88కి దగ్గరి అంకె చెప్పడం తప్పు కాదు, ఏ కాలానికో చెప్పాలి. రెండోది, ఆ పొడిలో సున్నపురాయి ఎంత కలిసింది?

ఆ రెండో ప్రశ్నకు వంటింటి పరీక్ష ఒకటి ఉంది. రాళ్లు కోసే దుకాణం దగ్గర విరిగిన చిన్న ముక్కలు, ఒకటి డాలరైట్, ఒకటి కడపరాయి తెచ్చుకోండి. పొడి చేయకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. విరిగిన అంచు మీద ఒక్కొక్క చుక్క వెనిగర్ వేసి భూతద్దం పట్టండి. కడపరాయి మీద సన్నటి బుడగలు లేస్తాయి, తుడిస్తే అక్కడ నునుపు పోతుంది. డాలరైట్ మీద చుక్క కదలకుండా కూర్చుంటుంది. అది కరగడం లేదని కాదు, మన ఓపికకు అందనంత నెమ్మదిగా కరుగుతుంది. డాలరైట్ మీద కూడా అక్కడక్కడ బుడగలు కనిపిస్తే దాని పగుళ్లలో కాల్సైట్, అంటే కాల్షియం కార్బనేట్ ఖనిజం, చేరిందన్నమాట. అలాంటి ముక్కకు ఒక్క పద్దు చాలదు, రెండు రాయాలి.

వచ్చే వారానికి పని: మెగ్నీషియం ఆలివిన్ అణుభారం 141. దాని ఒక్కో అణువు 4 అణువుల కార్బన్ డయాక్సైడును తీసుకుని 2 మెగ్నీషియం అయాన్లు, 4 బైకార్బనేట్ అయాన్లు ఇస్తుంది. 141 గ్రాముల ఆలివిన్‌కు నదిలో ఉండగా నిల్వ ఎంత, మెగ్నీషియం కార్బనేట్‌గా మారాక ఎంత? రెండూ గ్రాముల్లో రాయండి. మీ మొదటి అంకె ఆలివిన్ బరువు కంటే ఎక్కువ వస్తే కంగారుపడి కొట్టేయకండి.