ఖాళీ ఉన్నా పెద్ద ఫైలు ఎక్కని మ్యూజిక్ ప్లేయర్: కారణం, రీఫార్మాట్ చేసే విధానం

సమస్య

ప్లేయర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి చూస్తే అందులో యాభై, అరవై జీబీల ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది. వందల కొద్దీ పాటలు ఏ ఆటంకమూ లేకుండా కాపీ అవుతాయి. కానీ ఆరు జీబీల వీడియోనో, సుదీర్ఘమైన కచేరీ రికార్డింగునో, బ్యాకప్ ఫైలునో ఎక్కించబోతే, ఆ ఫైల్ సిస్టమ్‌కు (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతికి) ఇది మరీ పెద్ద ఫైలు అనే అర్థం వచ్చే సందేశం తెరమీదికి వస్తుంది. కొన్ని ప్రోగ్రాములు ముందుగా ఏమీ చెప్పకుండా కాపీ మొదలుపెట్టి, నాలుగు జీబీల దగ్గర ఆగిపోయి, పనికిరాని సగం ఫైలును ప్లేయర్‌లో వదిలేస్తాయి. ఈ రెండు లక్షణాలకూ మూలం ఒక్కటే.

కారణం

చాలా ప్లేయర్లు ఫ్యాట్‌32 అనే ఫైల్ సిస్టమ్‌తో తయారై వస్తాయి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ దీన్ని చదవగలవు కాబట్టి తయారీదారులు దీన్నే ఎంచుకుంటారు. అయితే ఈ పద్ధతిలో ప్రతి ఫైలు పరిమాణాన్నీ 32 బిట్లలోనే నమోదు చేయాలి కాబట్టి, ఏ ఒక్క ఫైలూ 429,49,67,295 బైట్లను, అంటే సుమారు నాలుగు జీబీలను మించడానికి వీలు లేదు. అందువల్ల పాత పాటలు తీసేసి ఎంత చోటు చేసినా ఫలితం ఉండదు.

ఊహించి ఊరుకోకుండా నిర్ధారించుకోవాలి. విండోస్‌లో ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ తెరిస్తే, ఫైల్ సిస్టమ్ పేరు కనిపిస్తుంది. అక్కడ ఫ్యాట్‌32 కాకుండా, పెద్ద ఫైళ్లనూ పట్టే ఎక్స్‌ఫ్యాట్ అని ఉంటే ఈ పరిమితి వర్తించదు; లోపాన్ని కేబుల్‌లోనో, కార్డులోనో వెతకాలి. అసలు డ్రైవ్ అక్షరమే కనిపించకపోతే ప్లేయర్ మామూలు డ్రైవ్‌లా కాక, ఫైళ్లను తానే అందించే ఎంటీపీ పద్ధతిలో కలిసిందని అర్థం. ఆ స్థితిలో దాన్ని కంప్యూటర్ నుంచి ఫార్మాట్ చేయడం కుదరదు కాబట్టి, ప్లేయర్ సెట్టింగుల్లో మాస్ స్టోరేజ్ (మామూలు డ్రైవ్‌లా కనిపించే) పద్ధతి ఉందేమో చూడాలి.

ఫార్మాట్ చేయక తప్పదా?

పరిమితి పోవాలంటే డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి, అంటే అందులో ఉన్నదంతా చెరిపి మరో ఫైల్ సిస్టమ్‌తో సిద్ధం చేయాలి. కానీ అది నిజంగా అవసరమా అన్న ప్రశ్న వేసుకోకుండా ముందుకు వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ పెద్ద ఫైలును ప్లేయర్‌లో వినాలనుకుంటున్నారా, లేక ఒక చోటి నుంచి మరో చోటికి మోసుకుపోవాలనుకుంటున్నారా అన్నదాన్ని బట్టి సమాధానం మారుతుంది.

వినడానికే అయితే, అంత పెద్ద పాట ఫైలు సాధారణంగా కుదించని వేవ్ రూపంలో ఉన్న రికార్డింగు అయి ఉంటుంది. సీడీ నాణ్యతలో సెకనుకు 1,76,400 బైట్ల చొప్పున నిండే వేవ్ ఫైలుకు నాలుగు జీబీలు చేరడానికి ఆరుముప్పావు గంటలు పడుతుంది. అదే 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల రికార్డింగు అయితే రెండు గంటల నాలుగు నిమిషాలకే చేరిపోతుంది. పైగా మామూలు వేవ్ ఫైలు హెడర్‌లో (ఫైలు మొదట్లో దాని వివరాలు ఉండే భాగంలో) కూడా పరిమాణం 32 బిట్లలోనే రాసి ఉంటుంది కాబట్టి, ఫైల్ సిస్టమ్ మార్చినా అంతకు మించిన ఫైలును ప్లేయర్ సరిగా చదువుతుందన్న భరోసా లేదు. దాన్ని ఒక్కో కీర్తనకు ఒక్కో ఫైలుగా విడగొట్టి, నాణ్యత ఏమాత్రం తగ్గని ఫ్లాక్ రూపంలోకి మార్చుకోవడమే సరైన మార్గం. అప్పుడు ఫార్మాట్ అవసరమే రాదు.

మోసుకుపోవడానికే అయితే, సెవెన్‌జిప్ వంటి ప్రోగ్రాముతో ఫైలును 4000 మెగాబైట్లకు మించని ముక్కలుగా చేసి, అవతల కంప్యూటర్‌లో తిరిగి కలుపుకోవచ్చు. ఎప్పుడో ఒకసారి పడే పనికి ఇది చాలు. తరచుగా పడే పని అయితేనే రీఫార్మాట్ గురించి ఆలోచించాలి.

పరిష్కారం

ఎంచుకునే ఫైల్ సిస్టమ్‌ను కంప్యూటర్ చదవగలిగితే సరిపోదు, ప్లేయర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ కూడా చదవగలగాలి. చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. విండోస్ సొంత ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మార్చితే విండోస్ ఎంత పెద్ద ఫైలునైనా ఆనందంగా తీసుకుంటుంది. కేబుల్ తీశాక చాలా ప్లేయర్లు మాత్రం ఒక్క పాటనూ గుర్తించవు. ఎక్స్‌ఫ్యాట్‌ను చదువుతుందా లేదా అన్నది ప్లేయర్ మాన్యువల్‌లో చూసి తెలుసుకోవాలి.

మెమరీ కార్డు పెట్టుకునే వీలున్న ప్లేయర్ అయితే పని సులువు. 32 జీబీలు దాటిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులకు ఎక్స్‌ఫ్యాటే ప్రామాణిక ఫైల్ సిస్టమ్. లోపలి మెమరీని తాకకుండా, పెద్ద ఫైళ్లకు కార్డును కేటాయించడం అన్నిటికంటే క్షేమం.

ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది కాబట్టి, ముందుగా దాచిన ఫైళ్లతో సహా మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, ఆ కాపీలోని రెండు మూడు పాటలు విని చూడాలి. తరువాత విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ ఎంచుకుని, ఫైల్ సిస్టమ్‌గా ఎక్స్‌ఫ్యాట్ పెట్టి, అలొకేషన్ యూనిట్ సైజును ఉన్నది ఉన్నట్టే ఉంచాలి. డ్రైవ్ పేరును మరొకసారి సరిచూసుకోకుండా స్టార్ట్ నొక్కకూడదు. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీలో అన్ని పరికరాలూ కనిపించేలా పెట్టుకుని, ఎరేజ్ చేసేటప్పుడు స్కీమ్‌గా (డ్రైవ్‌ను భాగాలుగా నమోదు చేసే పద్ధతిగా) మాస్టర్ బూట్ రికార్డును ఎంచుకోవాలి. అక్కడే ఉండే మరో స్కీమ్ అయిన జీయూఐడీ పార్టిషన్ పట్టికను చదవలేని ప్లేయర్లు ఉన్నాయి.

గుండ్రటి చక్రం మీద వేలు తిప్పి వాడే ఆపిల్ పాత క్లిక్ వీల్ ఐపాడ్‌ల సంగతి వేరు. అవి ఫ్యాట్‌32ను, మ్యాక్‌కు చెందిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌ను మాత్రమే అర్థం చేసుకుంటాయి. విండోస్ కంప్యూటర్‌లో ఐట్యూన్స్ ద్వారా రిస్టోర్ చేస్తే మొదటిది, మ్యాక్‌లో రిస్టోర్ చేస్తే రెండోది వస్తుంది. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌కు నాలుగు జీబీల పరిమితి లేదు, కానీ ఆ ఐపాడ్‌ను విండోస్ తనంతట తానుగా చదవలేక, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. అందుకు ఒప్పుకుంటే పాటలన్నీ పోతాయి.

ఫార్మాట్ తరువాత వచ్చే చిక్కులు

ప్లేయర్ తెరుచుకుంటున్నా పాటలు సున్నా అని చూపిస్తే, ముందు సెట్టింగుల్లో మీడియా లైబ్రరీని మళ్లీ తయారు చేయించాలి. అప్పటికీ రాకపోతే కొత్త ఫైల్ సిస్టమ్ దానికి తెలియదన్నమాట. ప్లేయర్ మెనూలోనే ఫార్మాట్ సదుపాయం ఉంటే దాన్ని వాడి పాత స్థితికి తేవాలి. అది లేక విండోస్‌లో ప్రయత్నించినప్పుడు, 32 జీబీలు దాటిన డ్రైవ్‌కు ఫ్యాట్‌32 ఎంపికే కనిపించకపోవచ్చు. అది విండోస్ ఫార్మాట్ విండోకు చాలాకాలంగా ఉన్న హద్దే తప్ప ఫ్యాట్‌32 హద్దు కాదు. మ్యాక్‌లోనో, లినక్స్‌లోనో ఆ పని చేసుకోవచ్చు.

మ్యాక్ నుంచి పాటలు ఎక్కించాక ప్రతి పాటా రెండుసార్లు కనిపించి, అందులో ఒకటి పలకకపోతే, చుక్క, ఆ వెంటనే కిందిగీత (._) తో మొదలయ్యే దాచిన ఫైళ్లే అందుకు కారణం. వాటిని తొలగిస్తే సరిపోతుంది. పెద్ద ఫైళ్లు చక్కగా కాపీ అయినట్టు కనిపించి తరువాత తెరుచుకోకపోతే కార్డు నకిలీది కావచ్చు. చెప్పినంత సామర్థ్యం నిజంగా ఉందో లేదో విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 రాసి, చదివి తేలుస్తాయి.

ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ (మార్పులను ముందుగా నమోదు చేసుకుని, మధ్యలో ఆగితే సరిచేసుకునే ఏర్పాటు) లేదు కాబట్టి, కాపీ పూర్తయినట్టు కనిపించగానే కేబుల్ లాగకుండా ఎజెక్ట్ చేసి తీయాలి. మొదటి పెద్ద ఫైలును ఎక్కించాక ప్లేయర్‌ను తిరిగి కలిపి, ఆ ఫైలును చివరిదాకా తెరిచి చూసిన తరువాతే కంప్యూటర్‌లోని అసలు ప్రతిని తొలగించాలి.