వానాకాలం లాంగ్ రైడ్‌కు ముందు: బరువు ఇరుసు దాటనివ్వకండి

పోయిన శనివారం ఉదయం ఏడింటికి ఫోన్ వచ్చింది. నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడు ఎక్స్‌పల్స్ 200 బైక్ మీద హైదరాబాద్ నుంచి మారేడుమిల్లికి బయల్దేరి, సూర్యాపేట దాటాక పడిపోయాడు. నేను వెళ్లేసరికి కాలర్ బోన్‌కు కట్టు కట్టి పడుకోబెట్టారు. "అన్నా, నన్ను ఎవరూ గుద్దలేదు. పక్క నుంచి బస్సు వెళ్లింది, అంతే. హ్యాండిల్ దానంతటదే ఊగడం మొదలుపెట్టింది" అన్నాడు. నిజమే చెప్పాడు. గతంలో ఇలాగే పడిన ఇద్దరూ నాతో ఇదే మాట అన్నారు.

సాయంత్రం అతని సామాను మా ఇంటికి తెచ్చాను. వెనక ర్యాక్ మీద కట్టిన బ్యాగును పాత పేపర్లవాడి స్ప్రింగ్ కాటాకు తగిలిస్తే ముల్లు 26 కిలోల దగ్గర ఆగింది. లోపల టెంటు, ట్రైపాడ్, టూల్స్, రెండు జీన్స్, బూట్లు, ఐదు లీటర్ల పెట్రోల్ డబ్బా ఉన్నాయి. అడుగున టవల్లో చుట్టిన ఆవకాయ సీసా ఉంది. అది పగల్లేదు. వాళ్లమ్మ చుట్టి ఇచ్చిందట.

హెల్మెట్, గ్లోవ్స్, ఇన్సూరెన్స్ గురించి నేను చెప్పను, అవి మీకు తెలుసు. తేలికపాటి అడ్వెంచర్ బైక్ మీద దూరం వెళ్లేవాళ్లను నేను చూస్తుండగా దెబ్బతీసిన తప్పు ఒక్కటే: బరువంతా వెనక చక్రం ఇరుసుకు అవతల, ఎత్తుగా కట్టడం.

ఎందుకు ప్రమాదమో చెబుతాను. ఇరుసు వెనక పెట్టిన ప్రతి కిలో వెనక చక్రాన్ని నొక్కడంతో ఆగదు, ముందు చక్రాన్ని పైకి లేపుతుంది. ఏతాం పని చేసేదీ ఇలాగే. ఎక్స్‌పల్స్ 200 బరువు దాదాపు 160 కిలోలు. 26 కిలోలంటే అందులో ఆరో వంతు. ఆ బరువు తోక మీద కూర్చుంటే సన్నటి 21 అంగుళాల ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకోలేదు. ఊళ్లో 40 స్పీడులో ఇది తెలియదు. హైవే మీద 90లో బస్సు గాలి తగిలినప్పుడో, వంతెన జాయింటు మీద ఎగిరినప్పుడో తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. బరువైన బైక్‌లు ఈ తప్పును కొంత భరిస్తాయి. మన తేలిక బండ్లు భరించవు.

కాబట్టి ఇంట్లోనే ఈ పరీక్ష చేయండి. సామాను మొత్తం కట్టాక బండిని నిటారుగా పట్టుకోమని ఒకరికి చెప్పండి. దారానికి ఒక నట్టు కట్టి, అది సరిగ్గా వెనక ఇరుసు మీదికి వచ్చేలా సీటు పక్క నుంచి వేలాడదీయండి. దారానికి వెనక ఉన్నదంతా బట్టలు, స్లీపింగ్ బ్యాగ్ లాంటి తేలిక వస్తువులే కావాలి. నా లెక్క ప్రకారం అక్కడ ఐదు కిలోలు మించకూడదు. మీ ర్యాక్ మోయగలిగే బరువు మాన్యువల్‌లో అంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే లెక్క. టూల్స్, ట్యూబులు, నీళ్లు సాడిల్ బ్యాగుల్లో (సీటుకు రెండు పక్కలా వేలాడే సంచుల్లో) కిందకి, ముందుకి, మీ కాళ్లకు దగ్గరగా ఉండాలి. రెండు పక్కలా బరువు సమానంగా ఉండాలి. ఒంటరిగా వెళ్తే మొత్తం 15 కిలోలు చాలు. వెనక మనిషి కూర్చుంటే టెంటు ఇంట్లో పెట్టండి, లాడ్జిలో దిగండి.

పెట్రోల్ డబ్బా అసలు వద్దు. 13 లీటర్ల ట్యాంకుతో 400 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు. విజయవాడ హైవే పొడవునా బంకులున్నాయి. ఘాట్ ఎక్కేముందు భద్రాచలంలో ఫుల్ చేయించండి.

హ్యాండిల్ ఊగడం మొదలైతే చేతులు బిగించకండి, ముందు బ్రేకు పట్టకండి. భయంలో అందరూ ఈ రెండే చేస్తారు, ఊపు ఇంకా పెరుగుతుంది. మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టుకోండి, ఛాతీని ముందుకు వంచండి, చేతులు వదులుగా ఉంచి యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి. ఆగాక మళ్లీ ఎక్కి వెళ్లిపోకండి. సామాను విప్పి ముందుకు జరిపి కట్టండి.

బరువు ఎక్కువైందని బండే చెబుతుంది. రాత్రిపూట ఎదురొచ్చేవాళ్లు పదే పదే డిప్పర్ కొడుతున్నారంటే బండి వెనక కుంగి మీ లైటు వాళ్ల కళ్లలో పడుతోందని అర్థం. ముందున్న గుంట మీకు కనిపించదు. వెనక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్, అంటే స్ప్రింగ్ బిగింపు, పెంచండి. టైరు గాలి మాన్యువల్‌లో లోడుకు చెప్పినంత పెట్టండి, అదీ పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడు. చైన్ వదులు సామాను కట్టి, మనిషి కూర్చున్నాక చూడాలి. వెనక కుంగితే చైన్ బిగుసుకుంటుంది. ఖాళీ బండి మీద సరిగ్గా ఉన్న చైన్, లోడు మీద గుంటలో పడ్డప్పుడు తెగొచ్చు.

ట్యూబ్ టైర్లయితే ముందుకు, వెనక్కు ట్యూబులు రెండూ తీసుకెళ్లండి. ఊళ్లలోని పంక్చర్ షాపుల్లో 21 అంగుళాల ట్యూబు దొరకడం కష్టం. మట్టి దారుల కోసం గట్ల టైర్లు వేయించుకున్నారా? తడి తారు మీద వాటి పట్టు తక్కువ. బ్రేకు ముందుగా వేయండి.

ఇక వరసగా చెబుతున్నాను, చదివి వదిలేయకండి.

తొలకరి పడిన మొదటి అరగంట రోడ్డు మీదకు వెళ్లకండి. ఎండాకాలమంతా పేరుకున్న ఆయిలూ దుమ్మూ అప్పుడే సబ్బులా తేలతాయి.

75, 80 దాటకండి. 200 సీసీ బండిని 100 దగ్గర నడిపితే ఓవర్‌టేక్‌కు ఇంజిన్‌లో ఏమీ మిగలదు.

గ్రూపులో పెద్ద బైక్‌ల వెంట పరుగెత్తకండి. మీరే ముందుండండి, వాళ్లను వెనక రమ్మనండి.

బంగీ తాడు ఒక్కదానితో బ్యాగు కట్టకండి. బకిల్ ఉన్న పట్టీలు వాడండి. వేలాడే కొసలు ముడి వేయండి, చైన్‌లో చుట్టుకుంటే వెనక చక్రం పట్టేస్తుంది.

గాలికి ఎగిరే రెయిన్‌కోటు వద్దు.

శ్రీశైలం దారిలో మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. గేటు అందుకోవాలన్న టెన్షన్‌తో అడవి మలుపుల్లో తోలకండి. అందదనిపిస్తే దారిలోనే ఆగిపోండి.

సాయంత్రం ఐదున్నరకు బండి ఆపేయండి. వానాకాలం చీకటి పడగానే గేదెలు వెచ్చటి తారు మీద పడుకుంటాయి. నల్లటి రోడ్డు, నల్లటి గేదె. లైటు పైకి లేచి ఉంటే అసలు కనిపించదు. లైటు ఎందుకు లేస్తుందో పైన చెప్పాను: ఇరుసు వెనక బరువు.

దమ్ము చేసిన ట్రాక్టర్లు రోడ్డెక్కిన చోట బురద ఉంటుంది. అక్కడ ముందు బ్రేకు ముట్టుకోవద్దు.

ఆగిన లారీ వెనక పెట్టిన రాళ్లు లారీ వెళ్లిపోయినా రోడ్డు మీదే ఉంటాయి.

కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే దిగకండి. వెనక్కి తిరగండి. తేలిక బండిని నీళ్లు తేలిగ్గానే లాగేస్తాయి.

మారేడుమిల్లి, చింతూరు ఘాట్‌లో పొగమంచు వస్తే ఫోటో కోసం మలుపులో ఆగకండి.

ఘాట్ దిగేటప్పుడు క్లచ్ పట్టి దిగకండి. గేరులోనే దిగండి.

సామాను ఎక్కువైందా? ఎక్కువైనది కట్టకండి, ఇంట్లో వదిలేయండి. ఆవకాయ చిన్న డబ్బాలోకి తీసుకోండి.

బయల్దేరిన ఇరవై కిలోమీటర్లకు ఆగి పట్టీలు లాగి చూడండి. వానలో నానిన బ్యాగు బరువెక్కుతుంది, బరువెక్కిన బ్యాగు వెనక్కి జారుతుంది. రెండో రోజు పొద్దున దాన్ని చేత్తో ఎత్తి చూడండి, దారం వేలాడదీయండి. ఇరుసు దాటి ఉంటే మొత్తం విప్పి మళ్లీ మొదటి నుంచి కట్టండి. గంట లేటయినా సరే.