సేలం పేర్లు లినోలో చెక్కేటప్పుడు

1692లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న సేలంలో మంత్రగత్తెలన్న నింద వేసి 19 మందిని ఉరితీశారు. అందులో 14 మంది ఆడవాళ్లు, 5 మంది మగవాళ్లు. ఆ పేర్లను తెలుగులో అచ్చువేసి మడతల పుస్తకం చేయాలనుకుంటే అక్షరాలను తిప్పి గీయకండి. పల్చటి కాగితంపై మెత్తటి 6బి పెన్సిల్‌తో పేరు మామూలుగానే రాసి, లినోపై (అచ్చు కోసం చెక్కే మెత్తటి లినోలియం పలకపై) బోర్లించి చెంచా వెనకభాగంతో రుద్దండి. దానంతటదే తిరగబడుతుంది, అచ్చులో సరిగ్గా పడుతుంది.

అక్షరం చుట్టూ చెక్కి దాన్ని ఉబ్బెత్తుగా వదిలితే తలకట్టు విరుగుతుంది. అక్షరాన్నే చెక్కేయండి, నల్లటి నేలపై తెల్ల గీతగా వస్తుంది. ఎత్తు 2 సెం.మీ.కు తగ్గొద్దు, లేదంటే ఒత్తులు పూడిపోతాయి. లోతు 1 మి.మీ. చాలు. లినో గట్టిగా ఉంటే పది నిమిషాలు ఎండలో పెట్టండి.

మంత్రగత్తె అనగానే గీసే చీపురు, మొన టోపీ బొమ్మలు మాత్రం వద్దు. బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన బాధ మన పల్లెలకు తెలుసు. పేరు ఒక్కటే చాలు.

వరంగల్ ఎండాకాలంలో నీటి ఇంకు రోలర్ మీదే ఆరిపోయి అచ్చు మచ్చలుగా వస్తుంది. నూనె ఇంకు వాడండి, పల్చగా మూడు నాలుగు సార్లు పూయండి. రోలర్ తిప్పుతుంటే సన్నగా చిరచిరమని చప్పుడు రావాలి. జిగటగా చప్పుడైతే ఇంకు ఎక్కువైనట్టే. కనీసం నాలుగు రోజులు ఆరనివ్వాలి, ముందే మడిస్తే ఎదురు పేజీకి అంటుతుంది.

కాగితాన్ని రెండు వైపులా వంచి చూడండి. సులువుగా వంగిన వైపే మడత వేయాలి, రెండోవైపు వేస్తే మడత పగులుతుంది.