ఫాస్ట్‌ఫుడ్డా, రెస్టారెంటా, ఇంటి భోజనమా? ఏది మేలో తేల్చుకోవడం ఎలా?

ఫాస్ట్‌ఫుడ్ అంటే చెడ్డది, తీరిగ్గా కూర్చుని తినే రెస్టారెంట్ అంటే మంచిది అని చాలామంది ముందే తీర్మానించేసుకుంటారు. ఆ లెక్క తప్పు. అమెరికాలో 2003 నుంచి 2010 వరకు 18 వేల మందికి పైగా పెద్దవాళ్లు చెప్పిన ఆహార వివరాలను విశ్లేషిస్తే, ఇంట్లోనే తిన్న రోజు కంటే ఫాస్ట్‌ఫుడ్ తిన్న రోజున సుమారు 190 కేలరీలు ఎక్కువ తిన్నట్టు తేలింది. రెస్టారెంట్‌లో తిన్న రోజునా ఇంచుమించు అంతే. ఉప్పులో ఉండే సోడియమైతే రెస్టారెంట్ తిండితోనే ఎక్కువ పెరిగింది. అందుకే బోర్డును కాదు, పళ్లెంలోకి వచ్చేదాన్ని పోల్చాలి.

ముందు ఒక కొలత పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దవాళ్లు రోజుకు తినే ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలి. 2000 కేలరీలు తినేవారికి విడిగా కలిపే చక్కెర 50 గ్రాములు మించకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది.

తర్వాత అంకెలు వెతకండి. ఇక్కడ పెద్ద ఫాస్ట్‌ఫుడ్ చైన్లదే పైచేయి. ప్రతి శాఖలోనూ అదే వంటకం, అదే పరిమాణం కాబట్టి చాలా చైన్లు పోషక వివరాలు బయటపెడతాయి. అమెరికాలో 20 లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న చైన్లు మెనూలోనే కేలరీలు చూపాలన్న నిబంధన 2018 నుంచి అమల్లో ఉంది. చిన్న రెస్టారెంట్‌లో కూరలో ఎంత వెన్న పడిందో వండినవాళ్లకే తెలియాలి. సోడియం మిల్లీగ్రాముల్లో రాసి ఉంటే రెండున్నరతో గుణించండి, ఉప్పు ఎంతో వస్తుంది. 1000 మిల్లీగ్రాములంటే రెండున్నర గ్రాముల ఉప్పు, అంటే రోజు మొత్తానికి సరిపడేదాంట్లో సగం!

ఇక ఆర్డర్‌ను విడగొట్టి చూడండి. బర్గర్ కాంబోలో బర్గర్ ఒక్కటే అయితే పెద్ద చిక్కేం లేదు. పక్కన వచ్చే 330 మిల్లీలీటర్ల కోలాలోనే సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక టేబుల్‌స్పూన్ మయొనీజ్ 90 కేలరీలకు పైమాటే. కోలా బదులు నీళ్లు, పెద్ద ఫ్రైస్ బదులు చిన్నవి, సాస్ విడిగా అడగండి. సలాడ్‌కూ ఇదే సూత్రం: డ్రెస్సింగ్ పైన పోయించుకోవద్దు, పక్కన పెట్టించుకుని కావలసినంతే కలుపుకోండి.

రెస్టారెంట్‌లో అసలు బెడద పరిమాణం. స్టార్టర్, భోజనం, డెజర్ట్ అంటూ వరుస సాగుతూనే ఉంటుంది. వడ్డించగానే సగం పక్కకు తీసి ప్యాక్ చేయించండి, తిన్నాక చేద్దామంటే మిగలదు.

ఇంటి వంటలో నూనె, ఉప్పు మన చేతిలో ఉంటాయి, అందుకే నా ఓటు దానికే. అయితే ఫ్రీజర్‌లోంచి తీసి వేడిచేసిన ప్యాకెట్ భోజనాన్ని ఇంటి వంట కింద జమకట్టకండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో 2019లో వెలువడిన ప్రయోగంలో, పెద్దగా ప్రాసెస్ చేయని తిండి పెట్టినప్పటి కంటే అతిగా ప్రాసెస్ చేసిన తిండి పెట్టినప్పుడు 20 మంది రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. వడ్డించిన వాటిలో చక్కెర, కొవ్వు, ఉప్పు రెండు రకాల్లోనూ సమానంగానే ఉంచారు. ఆ ప్యాకెట్ వెనుక కూడా సోడియం అంకె ఉంటుంది, దాన్నీ రెండున్నరతో గుణించి చూసుకోండి.